ముఖాముఖి పరీక్ష: మేనేజ్‌మెంట్ విద్యాలయ ప్రవేశానికి సన్నాహం

విద్యార్థి జీవితంలో పరీక్షలు అనేకం. వ్రాత పరీక్షలో ప్రశ్నపత్రం మౌనంగా ఉంటుంది. మనం ఏమి వ్రాసినా అది మారదు. ఇంటర్వ్యూలో ప్రశ్నపత్రమే మాట్లాడుతుంది. మన సమాధానాన్ని విని, దాని నుండే మరొక ప్రశ్నను పుట్టిస్తుంది. అందుచేతనే వ్రాత పరీక్షలలో ఆరితేరిన వారు సైతం ఇంటర్వ్యూ అనగానే కలవరపడుతుంటారు. మేనేజ్‌మెంట్ విద్యాలయాలలో ప్రవేశం కోరే మన విద్యార్థులు ఈ ముఖాముఖికి ఏ విధంగా సిద్ధపడవలెనో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం మనకు దూరపు ముచ్చట కాదు. మన నగరానికి పడమటి దిక్కున 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వెలసింది. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమై హైటెక్ సిటీకి నాంది పలికింది. అదే సంవత్సరం మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం స్థాపితమై, గచ్చిబౌలిలో నెలకొన్నది. 2001లో ఆ గచ్చిబౌలి ప్రాంతంలోనే ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తలుపులు తెరిచింది. చార్మినారు నుండి ఈ విద్యాలయాలకు ఉన్న దూరం సుమారు ఇరవై కిలోమీటర్లు మాత్రమే. అయినప్పటికీ పాతనగరపు గల్లీలలో పెరిగి, ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో చదివిన విద్యార్థికి ఆ ప్రాంతం పరదేశం వలె తోస్తుంది. “అవి మనవంటి వారికోసం కట్టినవి కావు” అనే మాట మేము తరగతి గదులలో తరచు వింటున్నాము. ఈ మాటలో నిజమెంత అన్నది విచారించిన తరువాతనే సన్నాహం గురించి చెప్పుట న్యాయం. మా అభిప్రాయంలో ఇంటర్వ్యూలో ఓడిపోయేది వెనుకబడిన విద్యార్థి కాదు. తన జీవితాన్ని దాచిపెట్టి, ఇతరుల జీవితాన్ని అప్పు తెచ్చుకొన్న విద్యార్థి.

ఏ మార్గంలో ఇంటర్వ్యూ ఉంటుంది?

ముందుగా మార్గాలను తెలుసుకొనవలెను. ఉభయ తెలుగు రాష్ట్రాలలోని విశ్వవిద్యాలయ కళాశాలలలోను, అనుబంధ కళాశాలలలోను ఎం.బి.ఏ. కోర్సులో కన్వీనరు కోటా సీట్లు ఐసెట్ ర్యాంకును అనుసరించి కౌన్సెలింగు ద్వారా లభిస్తాయి. ఈ మార్గంలో ఇంటర్వ్యూ లేదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ సంస్థల పద్ధతి వేరు. వీటిలో అహ్మదాబాదు, కలకత్తా సంస్థలు 1961లోను, బెంగుళూరు సంస్థ 1973లోను, మన తెలుగునాట విశాఖపట్నం సంస్థ 2015లోను ఏర్పడ్డాయి. వీటికి క్యాట్ అనే ప్రవేశ పరీక్ష మొదటి గుమ్మం మాత్రమే. దానిని దాటిన వారిలో కొందరిని ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లోని ప్రధాన కోర్సు ఒక సంవత్సర కాలానిది. ఎక్కువగా ఉద్యోగానుభవం గలవారి కోసం ఉద్దేశించబడినది. దానికి జీమాట్ లేదా జీఆర్ఈ వంటి పరీక్షలో మార్కులు, స్వయంగా వ్రాసిన వ్యాసాలు, ఎరిగినవారి సిఫారసు, ఆపైన ఇంటర్వ్యూ ఉంటాయి. అర్హతలు, తేదీలు మారుతుంటాయి కనుక ఆ సంవత్సరపు ప్రకటనను ప్రతి విద్యార్థి స్వయంగా చదువుకొనవలెను. స్నేహితుని నోటిమాటపై ఆధారపడరాదు.

తుది ఎంపికలో ప్రవేశ పరీక్ష మార్కులతో పాటు పదవ తరగతి మొదలు డిగ్రీ వరకు వచ్చిన మార్కులు, ఉద్యోగానుభవం మొదలైనవి కూడ చాలా సంస్థలు లెక్కిస్తాయి. పదవ తరగతి మార్కులను ఈనాడు మార్చగలవారు లేరు. పిలుపు వచ్చిన నాటికి మన చేతిలో మిగిలి ఉన్న భాగం ఇంటర్వ్యూ ఒక్కటే. దాని విలువ ఇందులోనే ఉన్నది.

ఇంటర్వ్యూ దేనికోసం?

అమెరికాలో 1908లో స్థాపితమైన హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఒక బోధనా పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఒక వ్యాపార సంస్థకు ఎదురైన చిక్కు సమస్యను ఉన్నది ఉన్నట్లుగా వ్రాసి విద్యార్థుల ముందు ఉంచుతారు. “మీరే ఆ సంస్థ అధిపతులైతే ఏమి చేస్తారు?” అని అడుగుతారు. ఆచార్యుడు ఉపన్యాసం ఇవ్వడు. విద్యార్థులే వాదోపవాదాలు సాగిస్తారు. నేడు మన దేశంలోని పెద్ద మేనేజ్‌మెంట్ విద్యాలయాలలోనూ ఈ పద్ధతి వాడుకలో ఉన్నది. ఇటువంటి తరగతిలో ప్రతి విద్యార్థి తక్కినవారికి కొంత ఉపాధ్యాయుడే. బ్యాంకులో పనిచేసినవాడు బ్యాంకు సంగతి చెబుతాడు. సైన్యంలో పనిచేసినవాడు క్రమశిక్షణ సంగతి చెబుతాడు. కావున ఇంటర్వ్యూ చేసేవారి మనసులో ఉండే ప్రశ్న “ఈ అభ్యర్థికి ఎంత తెలుసు?” అన్నది మాత్రమే కాదు. “ఇతని వలన పక్కన కూర్చున్నవారికి ఏమి లాభం?” అన్నది కూడ.

ఆ దృష్టితో వారు ముఖ్యంగా మూడు గుణాలను పరిశీలిస్తారు. తన ఆలోచనను తేటగా చెప్పగలడా అనేది మొదటిది. చెప్పినది నిజమేనా అనేది రెండవది. ఎదుటివారి మాట విని, అవసరమైతే తన అభిప్రాయాన్ని సవరించుకోగలడా అనేది మూడవది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవారికి ఇక్కడ చోటు లేదు.

మొదటి మెట్టు: మన దరఖాస్తును మనమే చదువుకొనుట

చాలామంది విద్యార్థులు దరఖాస్తు పంపిన మరునాడే దానిని మరచిపోయి, వార్తాపత్రికలు కంఠస్థం చేయడం మొదలుపెడతారు. ఇది తలక్రిందుల పద్ధతి. ఇంటర్వ్యూ చేసేవారి ముందు ఉండేది మన దరఖాస్తు. అందులోని ప్రతి పంక్తి ఒక ప్రశ్నకు బీజం.

ఒక నోటుపుస్తకం తీసుకొని, దరఖాస్తులోని ఒక్కొక్క పంక్తిని ఒక్కొక్క పుటపై వ్రాయవలెను. ప్రతి పంక్తి క్రింద నాలుగు ప్రశ్నలు వేసుకొనవలెను. ఏమి చేశాను? ఎందుకు చేశాను? ఎంత చేశాను? దాని వలన ఏమి మారినది? ఉదాహరణకు ఒక విద్యార్థిని “పిల్లలకు ట్యూషన్ చెప్పాను” అని వ్రాసినదనుకొందాము. ఎంతమంది పిల్లలు, ఏ తరగతి, నెలకు ఎంత రుసుము, మధ్యలో మానినవారు ఎందరు, వారు ఎందుకు మానినారు, మిగిలినవారిని నిలుపుకొనడానికి ఆమె ఏమి చేసినది అన్న వివరాలు తోడైతే ఆ చిన్న పంక్తి ఒక సంస్థను నడిపిన చరిత్ర అవుతుంది. వివరాలు లేనిచో “నాయకత్వ లక్షణాలు”, “సమష్టి కృషి” వంటి పెద్ద మాటలు గాలిమూటలే.

ఏ పంక్తి క్రింద ఈ నాలుగు సమాధానాలు నిండలేదో ఆ పంక్తిని గురించి జాగ్రత్త వహించవలెను. చదువులో ఒక సంవత్సరం వ్యర్థమై ఉంటే ఆ పుట తప్పక వ్రాసుకొనవలెను. దాచిన సంవత్సరమే ముందుగా బయటపడుతుంది. ఇంటి పరిస్థితి వలన చదువు ఆగినదని చెప్పడంలో అగౌరవం లేదు. ఆ కాలంలో ఏమి చేశామో చెప్పగలిగితే చాలు.

ఇంటి దుకాణమే తొలి పాఠశాల

మన కళాశాలల విద్యార్థులలో అనేకులు దుకాణదారుల, చేతిపనివారి బిడ్డలు. సాయంకాలం తండ్రిగారి పక్కన గల్లాపెట్టె వద్ద కూర్చునేవారు ఎందరో. ఆశ్చర్యమేమంటే దరఖాస్తులో ఆ సంగతి వ్రాయడానికి వారే సిగ్గుపడుతుంటారు. వ్యాపార విద్యకు వెళుతూ వ్యాపారాన్ని దాచుకొనుట కంటే విచిత్రం మరేమి ఉన్నది!

లాడ్‌బజారులో ఒక గాజుల దుకాణం ఉన్నదనుకొందాము. ఎనభై రూపాయలకు కొన్న సరుకును వంద రూపాయలకు అమ్ముతారు. లాభం ఇరవై రూపాయలు. అమ్మకం ధర మీద లెక్కిస్తే అది నూటికి 20, కొన్న ధర మీద లెక్కిస్తే నూటికి 25. ఈ రెండింటి భేదం తెలిసి మాట్లాడే అభ్యర్థిని ఎవరైనా గౌరవిస్తారు.

నెలకు 3,00,000 రూపాయల అమ్మకం జరుగుతున్నదనుకొందాము. అందులో నూటికి 40 వంతులు ఉద్దెర, అనగా చిన్న వర్తకులకు అరువు మీద ఇచ్చినది. అది నెలకు 1,20,000 రూపాయలు. ఆ సొమ్ము తిరిగి రావడానికి సగటున నలభైఅయిదు రోజులు, అనగా నెలన్నర పడుతుంది. అప్పుడు ఏ రోజున చూచినా దుకాణదారునికి బయటినుండి రావలసినది సుమారు 1,80,000 రూపాయలు ఉంటుంది. ఖాతా పుస్తకం చక్కగా నిర్వహించి, ముప్పది రోజులలో సొమ్ము రాబట్టగలిగితే ఆ బాకీ 1,20,000 రూపాయలకు దిగుతుంది. ఒక్క గాజు కూడ అదనంగా అమ్మకుండానే 60,000 రూపాయలు చేతికి వస్తాయి. పండుగ గిరాకీకి ముందు సరుకు కొనడానికి వడ్డీకి అప్పు తెచ్చే అవసరం ఆ మేరకు తగ్గుతుంది.

కాని ఇంతటితో ప్రశ్న ముగియదు. “గడువు తగ్గిస్తే పాత ఖాతాదారులు ఎదుటి దుకాణానికి పోరా?” అని ఇంటర్వ్యూ చేసేవారు అడుగుతారు. ఇక్కడ ఒకే ఒక సరైన సమాధానం లేదు. నమ్మకస్తులకు పాత గడువే ఉంచి, కొత్తవారికి మాత్రం తగ్గించవచ్చు. ముందుగా చెల్లించినవారికి కొంత తగ్గింపు ఇవ్వవచ్చు. ఒక్కొక్క మార్గంలోని మేలును, కీడును తూచి చెప్పగలవాడే వారికి కావలసిన విద్యార్థి. వ్యాపార శాస్త్రం దీనినే నిర్వహణ మూలధనం అంటుంది. పేరు తెలియకపోయినా మన పెద్దలు ఆ శాస్త్రాన్ని తరతరాలుగా ఆచరిస్తూనే ఉన్నారు. దానిని మాటలలో పెట్టడం మన వంతు.

మూడు “ఎందుకు”లు

మేనేజ్‌మెంట్ చదువు ఎందుకు? ఇప్పుడే ఎందుకు? ఈ సంస్థయే ఎందుకు? ఈ మూడు ప్రశ్నలు రాని ఇంటర్వ్యూ అరుదు.

మొదటిదానికి “మంచి జీతం కోసం” అన్న సమాధానం అబద్ధం కాదు కాని అసంపూర్ణం. చేస్తున్న పనిలో ఎక్కడ మన జ్ఞానం చాలలేదో చూపినపుడే చదువుకు కారణం కనబడుతుంది. సాఫ్ట్‌వేరు సంస్థలో పనిచేసే అభ్యర్థి “నేను ప్రోగ్రాం వ్రాయగలను, కాని ఆ పనికి ధర ఎట్లా నిర్ణయిస్తారో నాకు తెలియదు” అంటే అది స్పష్టమైన కారణం. రెండవ ప్రశ్నకు సమాధానం అందులో నుండే రావలెను.

మూడవ ప్రశ్న వద్ద చాలామంది సంస్థ ప్రచార పత్రాన్ని అప్పజెబుతారు. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఆరంభంలో వార్టన్, కెలాగ్, లండన్ బిజినెస్ స్కూలు సహకారం పొందినదనీ, 2012లో మొహాలీలో రెండవ ప్రాంగణం తెరిచినదనీ ఆ సంస్థవారికి మనం చెప్పనక్కరలేదు. ఒక సంవత్సరపు కోర్సు మనకు ఏ విధంగా తగినది, ఉద్యోగం విడిచి రెండేళ్ళు చదవడం కంటే అది ఎందుకు మేలు, ఖర్చును ఎట్లా భరించగలము అన్నవి చెప్పవలెను. వాటిలోనే మన విచారణ బయటపడుతుంది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు, మిత్రుని సమాధానం మనకు ఎంత ఇంపుగా తోచినా అది మన నోట అతకదు.

నీతికి సంబంధించిన ప్రశ్న

“మీ పై అధికారి బిల్లు మీద తేదీ మార్చమంటే ఏమి చేస్తారు?” అనే తరహా ప్రశ్నలు తరచుగా వస్తాయి. “నేను ఎన్నడూ అట్లా చేయను” అని బల్లగుద్ది చెప్పినంత మాత్రాన అవతలివారు తృప్తి పడరు. ముందుగా ఆ ఆజ్ఞకు కారణం అడుగుతాను, తప్పని తేలితే చేయలేనని మర్యాదగా చెబుతాను, ఒత్తిడి వస్తే ఎవరికి నివేదిస్తాను, ఉద్యోగం పోయే స్థితి వస్తే ఏమి చేస్తాను అని మెట్టుమెట్టుగా ఆలోచించి చెప్పవలెను.

ఈ సందర్భంలో మన నగరంలోనే జరిగిన ఉదంతం ప్రతి విద్యార్థి తెలుసుకొనదగినది. 1987లో హైదరాబాదులో స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ హైటెక్ సిటీకి అలంకారమని పేరు పొందిన సంస్థ. దానిలో సుమారు యాభై వేల మంది ఉద్యోగులు ఉండేవారు. 2009 జనవరి 7న ఆ సంస్థ అధ్యక్షులు రామలింగరాజు, పద్దులలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని లేఖ ద్వారా వెల్లడించారు. మొదట చిన్నదిగా ఉన్న తేడా ఏళ్ళు గడిచిన కొద్దీ అదుపు తప్పినంతగా పెరిగినదని ఆ లేఖ సారాంశం. ఆ సంస్థ డైరెక్టర్లలో పేరుమోసిన వ్యాపార విద్యాలయాల ఆచార్యులు సైతం ఉన్నారు. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొత్త బోర్డును నియమించింది. ఆ ఏప్రిల్‌లోనే సంస్థ టెక్ మహీంద్రా వశమైనది.

దీని నుండి మేనేజరు నేర్చుకొనవలసిన పాఠం ఒకటి, ఇంటర్వ్యూ అభ్యర్థి నేర్చుకొనవలసిన పాఠం మరొకటి ఉన్నాయి. రెండూ ఒకే కోవకు చెందినవి. దరఖాస్తులో ఆరుగురితో చేసిన పనిని పదహారుగురితో చేసినట్లు వ్రాస్తే, మొదటి ప్రశ్నకే దానిని సమర్థించడానికి మరొక కల్పన కావలెను. ఆ కల్పనకు ఇంకొకటి. అయిదవ ప్రశ్న వచ్చేసరికి ఖాతా తేలిపోతుంది. అనుభవజ్ఞులైన ప్రశ్నకర్తలకు ఆడిటర్ల దృష్టి ఉంటుంది. మాట మీద సందేహం కలిగితే, ఆ తరువాత చెప్పిన నిజాలకు కూడ విలువ పోతుంది.

తెలియని ప్రశ్న ఎదురైనపుడు

హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థలో చేరడానికి వెళ్ళినప్పటి సంగతి ఆయనే “హిట్ రిఫ్రెష్” అనే గ్రంథంలో వ్రాసుకొన్నారు. నడివీధిలో పడి ఏడుస్తున్న పసిబిడ్డను చూస్తే ఏమి చేస్తావని ఒక అధికారి అడిగారు. అత్యవసర సేవకు ఫోను చేస్తానని నాదెళ్ల సమాధానం. అప్పుడు ఆ అధికారి, ఏడ్చే బిడ్డను ముందుగా ఎత్తుకొనవలెనని, సాటివారి బాధను తన బాధగా తలచే గుణం అలవరచుకొనవలెనని బోధించారు. ఆ ఉద్యోగం తనకు దక్కదని నాదెళ్ల అనుకొన్నారు. కాని దక్కింది. 2014లో ఆయన ఆ సంస్థకే ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు.

ఒక్క సమాధానం తప్పినంత మాత్రాన ఇంటర్వ్యూ ముగిసిపోదన్నది ఇందులోని మొదటి నీతి. ప్రతి ప్రశ్న వెనుక గణితం వెతకరాదు, మనిషిని కూడ చూడవలెనన్నది రెండవది. తెలియని విషయాన్ని “క్షమించండి, ఇది నాకు తెలియదు” అని చెప్పుటలో అవమానం లేదు. కొంత తెలిస్తే “నాకు తెలిసినంతలో” అని మొదలుపెట్టి, తెలిసిన మేరకు తర్కించవచ్చు. ఒక్క క్షణం ఆలోచించుకొనడానికి అనుమతి అడగడం కూడ మర్యాదయే.

భాషను గురించిన భయం

ఇంటర్వ్యూ సాధారణంగా ఇంగ్లీషులో జరుగుతుంది. ఇది వాస్తవం. ఇంగ్లీషు సాధన చేయనక్కరలేదని మేము చెప్పము. అయితే అక్కడ పరీక్షించబడేది యాస కాదు. చిన్న వాక్యాలు, సరళమైన పదాలు, అడిగిన ప్రశ్నకే సమాధానం, ఇవి చాలు. ముందుగా సమాధానాన్ని ఉర్దూలోనో తెలుగులోనో ఎవరికైనా వివరించి చూడవలెను. మాతృభాషలో తేటగా చెప్పలేని విషయం ఇంగ్లీషులో తేటపడదు. ఆ తరువాత అదే విషయాన్ని రెండు నిమిషాలలో ఇంగ్లీషులో చెప్పి, ఫోనులో రికార్డు చేసుకొని వినవలెను. మాట ఎక్కడ తొట్రుపడుతున్నదో మన చెవులే చెబుతాయి.

“మీరు ఉర్దూ మాధ్యమంలో చదివారా?” అని అడిగితే తల దించుకొనరాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైనపుడు అక్కడి బోధనా భాష ఉర్దూయే. దానికోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. అటువంటి నగరంలో చదివిన విద్యార్థికి రెండు మూడు భాషలలో బేరం చేయడం, తగవు తీర్చడం, మనుషులను కలుపుకొనడం నిత్యకృత్యం. అది లోపం కాదు, సంపద.

నాలుగు వారాల సాధన

మొదటి వారంలో పైన చెప్పిన నోటుపుస్తకం పూర్తి చేయవలెను. రెండవ వారంలో డిగ్రీలో చదివిన ముఖ్య విషయాలను తిరగవేయవలెను. వాణిజ్యశాస్త్రం చదివినవారిని ఆస్తి అప్పుల పట్టీ గురించి, ఆర్థికశాస్త్రం చదివినవారిని ధరల పెరుగుదల గురించి అడగడం సహజం. మూడవ వారంలో ఏదైనా ఒక సమకాలిక విషయాన్ని ఎంచుకొని, దానికి అనుకూలంగా అయిదు నిమిషాలు, ప్రతికూలంగా అయిదు నిమిషాలు మాట్లాడవలెను. నాలుగవ వారంలో ముగ్గురు మిత్రులు కలిసి నమూనా ఇంటర్వ్యూలు జరుపుకొనవలెను. ఒకరు అభ్యర్థి, ఒకరు ప్రశ్నకర్త, మూడవవారు కేవలం గమనించి వ్రాసేవారు. ప్రతి సమాధానానికి “ఎందుకు?” అని మరి రెండుసార్లు అడగడం ప్రశ్నకర్త విధి. దీనికి రుసుము లేదు, శిక్షణాలయం అక్కరలేదు. కళాశాలలోని ఖాళీ గది చాలు.

ఇంటర్వ్యూ నాడు శుభ్రమైన, సాదా దుస్తులు ధరించవలెను. ధ్రువపత్రాలు వరుసగా పెట్టుకొనవలెను. గచ్చిబౌలి వైపు వెళ్ళేవారు వాహనాల రద్దీని దృష్టిలో పెట్టుకొని ఒక గంట ముందు చేరేటట్లు బయలుదేరవలెను. మహాత్మాగాంధీ బస్ స్టేషను వద్ద మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం వరకు వెళ్ళవచ్చు. అక్కడి నుండి బస్సు గాని ఆటో గాని అవసరమవుతుంది. వీడియో ద్వారా ఇంటర్వ్యూ అయితే వెలుతురు ముఖం మీద పడేచోట, చప్పుడు లేని గదిలో కూర్చొనవలెను. ఇల్లు చిన్నదైతే కళాశాలలోనో మిత్రుని ఇంటనో ముందుగానే ఏర్పాటు చేసుకొనుట మంచిది. చివరలో “మీరేమైనా అడుగుతారా?” అంటే, సమాధానం నిజంగా మనకు కావలసిన ప్రశ్న ఒకటి అడగవలెను.

అభ్యాసానికి ప్రశ్నలు

1. మీ ఇంటి వారి వృత్తి నుండి మీరు నేర్చుకొన్న వ్యాపార సూత్రం ఏది? అంకెలతో వివరించండి.

2. మీరు తీసుకొన్న నిర్ణయాలలో ఫలించనిది ఏది? దాని తరువాత మీ పద్ధతిలో వచ్చిన మార్పు ఏమిటి?

3. మీ వీధిలోని ఒక దుకాణం మూతపడినదంటే, దానికి కారణాలు ఏమై ఉంటాయి?

4. మీ తరగతిలోని ఇతరులకు మీరు నేర్పగలిగినది ఏమిటి?

5. ఈ సంవత్సరం ప్రవేశం లభించకపోతే మీరు ఏమి చేస్తారు?

ముగింపు

చక్కగా సిద్ధమైన వారందరికీ సీటు లభిస్తుందని చెప్పుట సత్యదూరం. సీట్లు కొద్ది, కోరేవారు ఎందరో. అయిదవ ప్రశ్నకు సమాధానం ముందుగానే ఆలోచించినవాడు భయం లేకుండా లోనికి అడుగు పెడతాడు. ఒకవేళ సీటు రాకపోయినా, ఆ నోటుపుస్తకంలోని పుటలు ఉద్యోగానికైనా, బ్యాంకు రుణానికైనా, సొంత దుకాణానికైనా పనికివస్తాయి. మన విద్యార్థులు తమ ఇంటి ఖాతా పుస్తకాన్ని, తమ మాతృభాషను, తమ శ్రమను వెంటబెట్టుకొని ఆ ద్వారాల ముందు నిలబడవలెనని మా కోరిక. లోపలివారు అడిగేది కూడ వాటినే.